అమ్మోనియా ఎంతుందో చూశారా?

నెలలు నిండి, మంచి బరువుతో పుట్టిన పసికందు. పుట్టగానే గట్టిగా ఏడ్చింది, మొదటి రోజు పాలూ బాగానే తాగింది. రెండో రోజు సాయంత్రానికి కాస్త డల్‌గా అనిపించింది. మూడో రోజు రొమ్ము అందించినా నోరు తెరవలేదు, రెండుసార్లు వాంతి చేసుకుంది, ఒళ్లు మెత్తబడిపోయింది. ఊపిరి మాత్రం వేగంగా తీస్తోంది. ఇలాంటి బిడ్డను తీసుకొస్తే ఏ డాక్టరుకైనా మొదట తట్టేది సెప్సిస్, అంటే రక్తంలో ఇన్‌ఫెక్షన్. అలా తట్టడం సబబే. అది నవజాత శిశువుల ప్రాణం తీసే జబ్బు, యాంటీబయాటిక్స్ వెంటనే మొదలుపెట్టాల్సిందే. చిక్కు ఆ తర్వాత వస్తుంది. రక్తంలో క్రిములు ఉన్నాయేమో పెంచి చూసే కల్చర్ పరీక్షలో ఏ క్రిమీ పెరగదు. మందులు మార్చినా బిడ్డ మగత తగ్గకపోగా ఇంకా ముదురుతుంది. ఆ గదిలో ఎవరో ఒకరు అడగాలి: అమ్మోనియా ఎంతుందో చూశారా?

ఈ ప్రశ్న వంశపారంపర్య జీవక్రియ లోపాలకు సంబంధించినది. తిన్నది శక్తిగా మారాలన్నా, కండ పట్టాలన్నా, వ్యర్థాలు బయటికి పోవాలన్నా ఒంట్లో వేల రసాయన చర్యలు వరసగా జరగాలి. ఒక్కో చర్యకు ఓ ఎంజైమ్ కావాలి, ఆ ఎంజైమ్ తయారీ వివరం జన్యువులో ఉంటుంది. జన్యువు దెబ్బతింటే ఎంజైమ్ పనిచేయదు. ముడిపదార్థం ఖర్చు కాక పేరుకుపోతుంది, తయారవ్వాల్సింది తయారవ్వదు. పేరుకున్నది విషమైతే ఒక రకం జబ్బు, తయారవ్వనిది శక్తి అయితే మరో రకం. ఇలాంటివి ఇప్పటికి వెయ్యికి పైగా తెలుసు. విడివిడిగా చాలా అరుదు; వీటిలో కొన్నిటిని ఒక పిల్లల డాక్టరు తన సర్వీసు మొత్తంలో ఒక్కసారీ చూడకపోవచ్చు. అన్నీ కలిపితే మాత్రం పెద్ద పిల్లల ఆసుపత్రి ఐసీయూలో ఇవి అంత అరుదేమీ కాదు. ఆ పేర్లన్నీ ఎవరూ గుర్తుపెట్టుకోలేరు, పెట్టుకోనక్కర్లేదు కూడా. తొలి గంటల్లో చేయాల్సిన వైద్యానికి చాలావరకు జబ్బు పేరుతో పని లేదు. అనుమానం వస్తే చాలు.

యూరియా చక్రం లోపాలనే తీసుకుందాం. ప్రొటీన్ అరిగినప్పుడు అందులోని నైట్రోజన్ అమ్మోనియాగా మారుతుంది. అది మెదడుకు విషం. లివర్ దాన్ని యూరియాగా మార్చి మూత్రంలోకి పంపేస్తుంది. ఈ పనికి కావాల్సిన ఎంజైముల్లో ఏ ఒక్కటి లేకపోయినా అమ్మోనియా రక్తంలో పెరిగి మెదడుకు చేరుతుంది. అక్కడి కణాలు దాన్ని వదిలించుకోవడానికి గ్లూటమిన్‌గా మారుస్తాయి. ఆ గ్లూటమిన్ నీటిని లాగుతుంది, మెదడు వాస్తుంది. బిడ్డ మగతకు కారణం ఇదే. కడుపులో ఉన్నన్నాళ్లూ ఏమీ కాకపోవడానికీ కారణం ఉంది. బిడ్డ రక్తంలోని అమ్మోనియా మావి దాటి తల్లి రక్తంలోకి వెళ్తుంది, తల్లి లివరే దాన్ని శుభ్రం చేస్తుంది. బొడ్డుతాడు కోసిన క్షణం నుంచి ఆ పని బిడ్డ లివర్ మీద పడుతుంది. అందుకే ఒకట్రెండు రోజులు బాగుండి, తర్వాత ఒక్కసారిగా దిగజారిపోవడం. ఇందులో తల్లిపాల తప్పు ఏమాత్రం లేదు.

వేగంగా ఊపిరి తీయడం గురించి చెప్పాను కదా, అక్కడ ఒక మంచి ఆధారం దొరుకుతుంది. అమ్మోనియా మెదడులోని శ్వాస కేంద్రాన్ని రెచ్చగొడుతుంది. బిడ్డ ఎక్కువగా ఊపిరి వదిలి కార్బన్ డయాక్సైడ్ పోగొట్టుకుంటుంది, రక్తం క్షార గుణం వైపు జరుగుతుంది. తీవ్రమైన సెప్సిస్‌లో సాధారణంగా కనిపించేది దీనికి తిరగబడి ఉంటుంది, రక్తం ఆమ్లం వైపు వెళ్తుంది. అంత నీరసంగా ఉన్న పసిబిడ్డ బ్లడ్ గ్యాస్ రిపోర్టులో (రక్తంలో వాయువులు, ఆమ్ల–క్షార గుణం చూపే పరీక్ష) క్షార గుణం కనిపిస్తే అక్కడే ఆగి ఆలోచించాలి. ఆర్గానిక్ ఆసిడీమియా అనే మరో గుంపులో మాత్రం రక్తం బాగా ఆమ్లంగా మారుతుంది, అమ్మోనియా కూడా పెరగవచ్చు. కాబట్టి ఆమ్లం కనిపించినంత మాత్రాన అమ్మోనియా పరీక్ష మానేయకూడదు.

ఈ పరీక్ష కొత్తదీ కాదు, గొప్ప మెషీన్లు అక్కర్లేదు కూడా. శాంపిల్ తీయడంలోనే జాగ్రత్త కావాలి. చేతికి పట్టీ బిగించి, వేలు నొక్కి పిండి తీసిన రక్తంలో అమ్మోనియా ఎక్కువ లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. రక్తం దానంతటది ధారగా రావాలి, ట్యూబును వెంటనే ఐస్‌లో పెట్టాలి, ఎవరో ఒకరు దాన్ని చేత్తో పట్టుకుని ల్యాబ్‌కు పరుగెత్తాలి. అరగంట బల్ల మీద ఉంచేస్తే నమ్మడానికి వీల్లేని అంకె వస్తుంది. నవజాత శిశువులో లీటరుకు 100 మైక్రోమోల్స్ లోపు ఉండాల్సింది 150 దాటితే అనుమానించాలి. యూరియా చక్రం లోపాల్లో అది వందలు దాటి వెయ్యికి చేరడం కూడా ఉంటుంది. శాంపిల్ మీద సందేహం ఉంటే మళ్లీ తీయాలి, కానీ రెండో రిపోర్టు వచ్చేదాకా వైద్యం ఆపకూడదు.

ఆ వైద్యంలో మొదటి మెట్టు ఏ ఆసుపత్రిలోనైనా సాధ్యమే. ప్రొటీన్ ఇవ్వడం ఆపాలి. బిడ్డను మాత్రం ఆకలితో ఉంచకూడదు, ఆకలేస్తే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది, ఆ కండలోని ప్రొటీన్ నుంచి మళ్లీ అమ్మోనియా పుడుతుంది. అందుకే తగిన లవణాలు కలిపిన 10 శాతం గ్లూకోజ్ డ్రిప్, కిలో బరువుకు నిమిషానికి 8 నుంచి 10 మిల్లీగ్రాముల గ్లూకోజ్ అందేలా. కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాకు సంబంధించిన కొన్ని లోపాల్లో గ్లూకోజ్ ఎక్కువైతే రక్తంలో లాక్టేట్ అనే ఆమ్ల పదార్థం పెరుగుతుంది కాబట్టి దాన్ని గమనిస్తూ ఉండాలి. తర్వాత ఇచ్చే సోడియం బెంజోయేట్ పనితీరు నాకు ఎప్పుడూ అబ్బురమే. అది శరీరంలోని గ్లైసిన్‌తో కలిసి హిప్యురేట్‌గా మారి మూత్రంలో వెళ్లిపోతుంది, పోతూ పోతూ గ్లైసిన్‌లోని నైట్రోజన్‌ను వెంట తీసుకెళ్తుంది. చెడిన దారిని బాగుచేయకుండా, నైట్రోజన్‌కు వేరే దారి చూపిస్తుందన్న మాట. అమ్మోనియా మరీ ఎక్కువుంటే మందుల మీదే భరోసా పెట్టుకుని కూర్చోకుండా డయాలసిస్‌కు వెళ్లాలి. ప్రొటీన్‌ను కూడా ఎక్కువ కాలం ఆపకూడదు, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో కొద్దికొద్దిగా తిరిగి మొదలుపెడతారు. ఇక్కడ గడిచే ప్రతి గంటా మెదడు మీద పడుతుంది. కోమా ఎంత ఎక్కువసేపు ఉంటే, బతికి బయటపడ్డ బిడ్డకు మిగిలే నష్టం అంత పెద్దది.

కల్చర్‌లో క్రిమి దొరికినా అనుమానం తీరిపోయిందనుకోకూడదు. గెలాక్టోసీమియా ఉన్న బిడ్డ పాలలోని చక్కెరను పూర్తిగా వాడుకోలేదు. కామెర్లు వస్తాయి, లివర్ దెబ్బతింటుంది, దానికి తోడు ఈ.కోలై సెప్సిస్ నిజంగానే వస్తుంది. సెప్సిస్‌కు మందిచ్చి మళ్లీ పాలు పడితే కథ మొదటికొస్తుంది.

పసికందుల దశ దాటాక కూడా ఇవి బయటపడతాయి. కొవ్వును శక్తిగా మార్చే ఒక ఎంజైమ్ లేని ఎంకాడ్ (MCAD) లోపం ఉన్న పిల్లలు ఆడుతూ పాడుతూ ఉంటారు. ఓ రోజు జ్వరమో వాంతులో పట్టుకుని రాత్రంతా ఏమీ తినరు. ఆ వేళ శరీరం కొవ్వు కరిగించి శక్తి తెచ్చుకోవాలి, వీళ్లకు ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. తెల్లారేసరికి షుగర్ పడిపోయి స్పృహ తప్పుతుంది. అంత తక్కువ షుగర్‌లో మామూలుగా, కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లు బాగా కనిపించాలి, వీళ్లలో కనిపించవు. జబ్బు పట్టుబడితే వైద్యం చాలా తేలిక: ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచకపోవడం, తినలేని రోజు వెంటనే గ్లూకోజ్ ఎక్కించడం. పట్టుబడకపోతే ప్రాణమే పోవచ్చు. యూరియా చక్రం లోపం తక్కువ స్థాయిలో ఉన్న పిల్లల్లో కొందరికి ప్రొటీన్ ఎక్కువున్న తిండి చిన్నప్పటి నుంచీ పడదు, బలవంతంగా పెడితే వాంతి చేసుకుంటారు. ఇంట్లోవాళ్లు దాన్ని మారాం అనుకుంటారు. తర్వాత ఎప్పుడో తిక్కతిక్కగా మాట్లాడుతూ, తూలుతూ ఆసుపత్రికి వస్తే మెదడువాపు జ్వరమనో మానసిక సమస్య అనో పేరు పడుతుంది.

ఈ జబ్బుల్లో సాక్ష్యం నిలవదు. గ్లూకోజ్ ఎక్కించి బిడ్డ తేరుకున్నాక తీసిన రక్తం పూర్తిగా నార్మల్‌గా కనిపించవచ్చు. అందుకే షుగర్ పడిపోయి ఉన్న ఆ నిమిషంలోనే, గ్లూకోజ్ ఇవ్వబోయే ముందు, కాస్త రక్తం అదనంగా తీసి పెట్టుకోవాలి. తర్వాత వచ్చే మొదటి మూత్రాన్ని పారబోయకుండా దాచాలి. దానికోసం గ్లూకోజ్ ఆలస్యం చేయకూడదు సుమా. బిడ్డ దక్కదని తెలిసిపోయిన చోట కూడా, తల్లిదండ్రులకు నచ్చజెప్పి ఫిల్టర్ పేపర్ మీద నాలుగు రక్తపు చుక్కలు, జన్యు పరీక్షకు కొంత రక్తం తీసి ఉంచాలి. ఆ దుఃఖంలో అడగడం చాలా కష్టం. అయినా అడగాలి, లేకపోతే తర్వాతి బిడ్డకూ అదే జరిగే ప్రమాదం ఉంది.

ఈ శాస్త్రానికి పునాది వేసింది ఇంగ్లండ్ వైద్యుడు ఆర్చిబాల్డ్ గారోడ్. మూత్రం నల్లబడే ఆల్కాప్టోన్యూరియా తల్లిదండ్రుల నుంచి వచ్చే రసాయన లోపమని 1902లోనే రాశారు. 1934లో నార్వేలో ఒక తల్లి, బుద్ధి ఎదగని తన ఇద్దరు పిల్లలకు కారణం తెలియాల్సిందేనని పట్టుబట్టింది. ఆస్‌బ్యోర్న్ ఫోలింగ్ వాళ్ల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే ఆకుపచ్చ రంగు వచ్చింది, ఫినైల్‌కీటోన్యూరియా అనే జీవక్రియ లోపం అలా బయటపడింది. 1960ల తొలినాళ్లలో రాబర్ట్ గుత్రీ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో దాన్ని ముందే పట్టుకునే పరీక్ష తెచ్చారు. ఇప్పుడు అవే చుక్కల్లో డజన్లకొద్దీ లోపాలను ఒకేసారి వెతకవచ్చు. అయితే అన్ని జబ్బులూ ఆ పరీక్షకు చిక్కవు, కొన్నిసార్లు రిపోర్టు రాకముందే బిడ్డ ఐసీయూకి చేరుతుంది. స్క్రీనింగ్ అయిపోయిందిలే అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

2025లో అమెరికాలోని ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి, యూరియా చక్రంలో సీపీఎస్1 ఎంజైమ్ లోపంతో పుట్టిన ఒక బిడ్డకు, అతని జన్యువులోని తప్పును సరిదిద్దడానికే ప్రత్యేకంగా తయారుచేసిన జీన్ ఎడిటింగ్ మందు ఇచ్చింది. ఒక్క రోగి కోసం తయారైన అలాంటి మందు అదే మొదటిది. ఆ బిడ్డ జబ్బు ఏమిటో పుట్టిన మొదటి వారంలోనే తేలబట్టి ఆ ప్రయత్నానికి వ్యవధి దొరికింది.

ఇక తల్లిదండ్రుల మాట. ఈ జబ్బుల్లో చాలావాటికి తల్లి, తండ్రి ఇద్దరూ పాడైన జన్యువు ఒక్కొక్క కాపీ మోస్తుంటారు, ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. గర్భంలో ఏం తిన్నారు, ఏం చేశారు అన్నదానితో సంబంధం లేదు. ముందు పుట్టిన బిడ్డో, దగ్గరి బంధువుల బిడ్డో కారణం తెలియకుండా చనిపోయి ఉంటే డాక్టరు అడగకపోయినా చెప్పాలి. జబ్బు నిర్ధారణ అయిన పిల్లలకు ఆసుపత్రి ఒక ఎమర్జెన్సీ లెటర్ ఇస్తుంది: ఏ డ్రిప్ ఎంత వేగంతో పెట్టాలి, ఏది ఇవ్వకూడదు, ఎవరికి ఫోన్ చేయాలి. అది ఎప్పుడూ వెంట ఉండాలి, తెలియని ఆసుపత్రిలో కూడా మొహమాటపడకుండా చూపించాలి. కుటుంబంలోని జన్యు లోపం ఏదో తెలిస్తే తర్వాతి గర్భంలో ముందే పరీక్ష చేయించుకోవచ్చు. అది వద్దనుకున్నా, డయాలసిస్ సదుపాయం ఉన్న చోట కాన్పు ఏర్పాటు చేసుకుని, బిడ్డ పుట్టిన తొలి గంటల నుంచే అమ్మోనియా చూస్తూ, మగత రాకముందే వైద్యం మొదలుపెట్టవచ్చు.