ఒకే హాల్లో కూర్చోబెడితే టీమ్ అయిపోతుందా?

విశాఖలో ఫార్మ్ డి (మందుల గురించి చదివే ఫార్మసీ కోర్సు) పిల్లలకు పాఠాలు చెబుతాను. ఆసుపత్రిలో జట్టుగా పనిచేయడం నేర్పడానికి ఎంబీబీఎస్, నర్సింగ్, ఫిజియోథెరపీ వాళ్లతో కలిపి కొన్ని క్లాసులుంటాయి, వాటి గురించి ఏటా అవే మాటలు వింటుంటాను.

అపోహ: నాలుగు కోర్సుల వాళ్లకీ కలిపి ఒక లెక్చర్ ఇస్తే సరి.

నేనూ అలాగే మొదలుపెట్టాను. ఎవరి గుంపులో వాళ్లు కూర్చుని సమోసాలు తిని వెళ్లిపోయారు. ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. లెక్చర్‌లో ఆ 'నుంచి' ఎక్కడుంది?

ఇప్పుడు కేసు ఇస్తున్నాం. కల్పితమే. పాడేరు దగ్గరి ఊరి పెద్దాయనకు పక్షవాతం, కుడి పక్క పడిపోయింది. మెడికో టకటకా మాత్రలు రాసేస్తాడు. "అసలు మింగగలడో లేదో చూశారా?" అంటుంది నర్సింగ్ అమ్మాయి, ఎందుకంటే మింగుడు సరిగా లేకపోతే నోట్లో వేసింది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. సరే, నలిపి ట్యూబులో వేద్దామంటే మా ఫార్మ్ డి వాడు అడ్డుపడతాడు: సస్టెయిన్డ్ రిలీజ్ మాత్రను నలిపితే గంటల తరబడి మెల్లగా దిగాల్సిన మందంతా ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది. ఇక డిశ్చార్జే అనుకునేసరికి ఫిజియో పిల్ల, "ఇంట్లో మరుగుదొడ్డి గొంతుక్కూర్చునేదా?" అంటుంది. ఆ ప్రశ్న మిగతా ముగ్గురికీ తట్టలేదు, నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు.

అపోహ: ఇలాగైతే డాక్టర్ మాటకు విలువుండదు.

నిర్ణయం, దాని బాధ్యత డాక్టర్‌వే. కాకపోతే సమయానికి సమాచారం అందాలి కదా, మన దగ్గర "సార్..." అన్నాక వాక్యం ముందుకు కదలదు. అందుకే ఎస్‌బార్ అనే పద్ధతి నేర్పిస్తాం, విషయాన్ని నాలుగు ముక్కల్లో చెప్పడం: ఇప్పుడేం జరుగుతోంది, వెనకటి సంగతేంటి, నా అంచనా ఏంటి, మీరేం చేయాలి. ఇది అమెరికా జలాంతర్గాముల నుంచి వైద్యంలోకి వచ్చిందంటారు, బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని చూస్తూ పెరిగిన పిల్లలకు ఈ ముక్క భలే నచ్చుతుంది. మూడోదే కష్టం. "మేం అంచనా వేయొచ్చా మేడమ్?" అని గొంతు తగ్గించి అడుగుతారు.

అపోహ: జట్టుగా పనిచేయడం హౌస్‌సర్జన్సీలో దానంతటదే వచ్చేస్తుంది.

వస్తుంది, సీనియర్ల విసుగుతో సహా.

అపోహ: టైమ్ లేదు.

ఇది అపోహ కాదు. నాలుగు టైమ్‌టేబుళ్లు కలిపితే మిగిలింది శనివారం మధ్యాహ్నం రెండు గంటలు, అది కూడా పరీక్షలు లేనప్పుడు. మార్కులుంటేనే వస్తారన్నారు, జట్టు మొత్తానికి కలిపి పది పెట్టాం. ఇప్పుడు ఆ పదీ ఎలా పంచుకోవాలని గొడవ.