కమిషన్ లేదన్న చోట వట్టం ఎక్కడుంది?

మా పెద్దమ్మ వచ్చే నెల డాలస్‌కు ప్రయాణం. కూతురికి పురుడు పోయాలి. తిరుపతిలో ఇప్పుడిది వింత కాదు, మా వీధి నుంచే ఏడాదికి ఇద్దరు ముగ్గురు ఇదే పని మీద విమానం ఎక్కుతున్నారు. ఆవకాయ జాడీ సీలు అయింది, కారప్పొడి పొట్లాలు తూకం వేశారు. తేలనిది డబ్బు సంగతి ఒక్కటే. "రెండు వేల డాలర్లు నోట్లే తీసుకుని నడుముకు కట్టుకో" అంటాడు పెదనాన్న. "అత్తా, ఏమీ వద్దు, కార్డు చాలు" అంటాడు అక్కడినుంచి అల్లుడు. టికెట్టు తీసిచ్చిన ట్రావెల్స్ అబ్బాయి మూడో మాట చెప్పాడు: "చెన్నై ఎయిర్‌పోర్టులో మార్చుకోండమ్మా, అక్కడ కమిషన్ లేదు."

ముగ్గురూ మూడు వేర్వేరు కాలాల నుంచి మాట్లాడుతున్నారు. పెదనాన్న భయం ఎక్కడిదో, అల్లుడి ధీమా ఎక్కడిదో, ఆ 'కమిషన్ లేదు' అనే బోర్డు ఎంత పాతదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

డబ్బు మార్చే పని మన ఊళ్లకు కొత్త కాదు. తిరుమలకు అన్ని రాజ్యాల నుంచీ జనం వచ్చేవాళ్లు, వాళ్ల వెంట అన్ని రాజ్యాల నాణేలూ వచ్చేవి. వరహాలు, ఆర్కాటు రూపాయలు, మైసూరు వైపు కంఠీరవ ఫణాలు. ఒక రాజు నాణెం ఇంకో రాజు సీమలో ఉన్నదున్నట్టు చెల్లదు. అది నిఖార్సైనదా, అరిగిందా అని గీటి, తూచి చూసే మనిషి కావాలి. ఆ మనిషే షరాబు. మార్చినందుకు అతను పట్టుకునే తరుగు పేరు వట్టం. చిరిగిన నోటు మార్చేవాడు పదికి తొమ్మిది చేతిలో పెడితే, వట్టం పోయిందని పెద్దవాళ్లు ఈమధ్య దాకా అనేవాళ్లు. చక్కటి మాట. ఇప్పుడు ఎవరూ వాడటం లేదు గానీ, మాట పోయినా తరుగు పోలేదు.

హుండీ అనగానే తిరుపతివాడికి గుర్తొచ్చేది శ్రీవారి కొప్పెర. వ్యాపారస్తుడికి గుర్తొచ్చేది వేరు. ఈ ఊళ్లో సాహుకారికి డబ్బు కట్టి ఒక చీటీ రాయించుకుంటే, దూరపు ఊళ్లో అతని మనిషికి ఆ చీటీ చూపించి డబ్బు తీసుకోవచ్చు. ఆ చీటీ పేరు కూడా హుండీయే. చూపించగానే సొమ్ము చెల్లించాల్సింది దర్శని హుండీ, గడువు తర్వాత చెల్లించేది ముద్దతీ హుండీ. దారి దోపిడీల కాలంలో మూట మోయకుండా దూరాలు పోవడానికి ఇదే దారి. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కూడా హుండీల జోలికి పోకుండా, స్థానిక ఆచారం ఎలా ఉంటే అలా సాగనిమ్మంది. పడమటి దేశాల్లో ప్రయాణికుల కోసం ఇలాంటిదే సర్క్యులర్ నోటును థామస్ కుక్ కంపెనీ కూడా 1874లో తెచ్చింది. 1891లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ట్రావెలర్స్ చెక్ వచ్చింది. ఆ కంపెనీ అధిపతి యూరప్ వెళ్లి, పెద్ద నగరాలు దాటగానే తన పూచీ పత్రాలకు ఎవరూ డబ్బివ్వక తిప్పలు పడ్డాడట, ఆ కోపంలోంచి పుట్టిందంటారు ట్రావెలర్స్ చెక్. మన సాహుకార్ల చీటీ చూసి ఉంటే ఆ ఆయాసం తప్పేది.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1818లో లెక్కలు వరహాల నుంచి రూపాయలకు మారాయి, వరహాకు మూడున్నర రూపాయలు. 1835లో ఈస్టిండియా కంపెనీ పాలన అంతటికీ ఒకటే రూపాయి వచ్చింది. దాంతో ఊళ్లో షరాబు పని తగ్గింది. మార్పిడి అవసరం సముద్రం దాటేవాడికే మిగిలింది.

ఆ సముద్రం దాటితే అవతల కూడా కొంతకాలం మన రూపాయే ఉండేది. పీలేరు, మదనపల్లె వైపు ఇంటికొకరు అన్నట్టు కువైట్ పోయిన పల్లెలున్నాయి. ఆ కువైట్‌లో 1961 దాకా చెల్లింది భారత రూపాయే. బహ్రెయిన్, ఖతార్, దుబాయ్‌లలోనూ అప్పట్లో రూపాయే. అయితే ఆ రూపాయలతో బంగారం కొని దొంగచాటుగా ఇక్కడికి తేవడం మొదలైంది. అక్కడ పోగుపడ్డ రూపాయలకు మన దేశం పౌండ్లు ఇచ్చుకోవాలి. మన నిల్వలు కరిగాయి. అందుకని 1959లో రిజర్వ్ బ్యాంక్ గల్ఫ్ కోసం విడిగా నోట్లు వేసింది. బొమ్మ అదే, రంగు వేరు, నంబరు ముందు జడ్ అక్షరం. హజ్ యాత్రికుల కోసం కూడా పది, వంద రూపాయల నోట్లు విడిగా వచ్చాయి. 1961లో కువైట్ సొంత దీనారు తెచ్చుకుంది. అప్పుడు దీనారుకు 13 రూపాయల చిల్లర. ఇప్పుడు రెండొందల యాభై పైమాటే. 1965లో బహ్రెయిన్ కూడా సొంత దీనారు తెచ్చుకుంది. 1966లో మనం రూపాయి విలువ తగ్గించుకున్నాక తక్కిన గల్ఫ్ సీమలు కూడా ఒక్కొక్కటే రూపాయిని వదిలేశాయి.

మన ఇళ్లలో డాలరు పేరెత్తితే కలిగే టెన్షన్ ఈ కాలంలోనే మొదలైంది. మారక నియంత్రణ నిజానికి 1939 సెప్టెంబరులో యుద్ధంతో పాటు వచ్చింది. యుద్ధం పోయింది, నియంత్రణ ఉండిపోయింది. 1947లో విదేశీ మారకాన్ని కట్టడి చేసే ఫెరా చట్టం, 1973లో ఇంకా గట్టి ఫెరా. విదేశీ మారకం సర్కారు సొత్తు, అవసరం చెప్పుకుని అడుక్కోవాలి. 1966 జూన్ 6న డాలరు 4 రూపాయల 76 పైసల నుంచి 7 రూపాయల 50 పైసలకు ఎక్కింది. ఆ రోజుల్లో పై చదువులకు వెళ్లినవాళ్లు ఎనిమిది డాలర్లతో అమెరికాలో దిగామని ఇప్పటికీ చెబుతారు. లెక్క వేస్తే అరవై రూపాయలు. పాస్‌పోర్టు వెనక పేజీలో బ్యాంకు వాళ్లు ఎన్ని డాలర్లు ఇచ్చిందీ రాసి ముద్ర వేసేవాళ్లు. చాలనిది ఎవరో ఒకరి దగ్గర చాటుగా కొనేవాళ్లు. దొరికితే జైలు. అందుకే నోట్లు నడుముకు కట్టుకునే అలవాటు. మా పెదనాన్న ఎప్పుడూ దేశం దాటలేదు గానీ, ఆ భయం మాత్రం ఆయనకు అంటుకుంది.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌లోకి చొరబడింది. మన సీమ పల్లెలకు ఆ ఏడాది మర్చిపోలేనిది. చేతిలో ఉన్న దీనార్లు ఉన్నట్టుండి ఏమయ్యాయో చూడండి. ఇరాక్ మొదట తన దీనారు, కువైట్ దీనారు సమానమంది. బయట రెండింటికీ పోలికే లేదు. ఆ తర్వాత కువైట్ దీనారు అసలు చెల్లదంది. బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి, అక్కడ ఎయిరిండియా విమానం ఎక్కి లక్షమందికి పైగా ఇంటిదారి పట్టారు. ఏళ్ల తరబడి కూడబెట్టిన నోట్ల కట్టలకు దారిలో రొట్టెముక్క ధర కూడా గట్టిగా పలకలేదు. యుద్ధం ముగిశాక, 1991 మార్చిలో కువైట్ కొత్త నోట్లు తెచ్చి పాతవాటిని వెనక్కి తీసుకుంది.

ఆ దెబ్బ మన ఇళ్లతో ఆగలేదు. చమురు ధర పెరిగింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు తగ్గింది. అప్పటికే బలహీనంగా ఉన్న దేశపు ఖజానా ఊగిపోయింది. 1991లో దిగుమతులకు రెండు మూడు వారాలకే సరిపడా డాలర్లు మిగిలాయి. దాదాపు 47 టన్నుల బంగారం ఇంగ్లండ్‌కు కుదువకు పోయింది. జూలై 1న ఒకసారి, 3న మరోసారి రూపాయిని దించారు. గల్ఫ్‌లో గిన్నెలు తోమిన ఆడవాళ్లు పంపే డబ్బు దేశానికి ఎంత ముఖ్యమో ఢిల్లీకి అప్పుడే బాగా తెలిసిందనుకుంటాను.

అక్కడినుంచి తలుపులు తెరుచుకోవడం మొదలైంది. 1993లో రూపాయి రేటును బజారుకు వదిలారు. 1994లో ప్రయాణం, చదువు, వైద్యం లాంటి మామూలు ఖర్చులకు మారకం స్వేచ్ఛగా దొరకసాగింది. 2000 జూన్ 1న ఫెరా పోయి దానికన్నా మెత్తని ఫెమా చట్టం వచ్చింది, జైలు స్థానంలో జరిమానా వచ్చింది. 2004 ఫిబ్రవరిలో ఎవరైనా ఏడాదికి 25,000 డాలర్లు బయటికి పంపుకోవచ్చన్నారు. 2007కు అది రెండు లక్షలైంది. 2013లో రూపాయి జారిపోతుంటే 75,000కు కోసేశారు. 2015 నుంచి రెండున్నర లక్షలు. ఎనిమిది డాలర్ల నుంచి ఇంత దూరం. ఈమధ్య పన్ను కొక్కెం ఒకటి తగిలించారు. ఏడాదిలో పంపింది 10 లక్షల రూపాయలు దాటితే టీసీఎస్ అనే ముందస్తు పన్ను పడుతుంది. అది పూర్తిగా పోయే డబ్బు కాదు, రిటర్ను వేసినప్పుడు లెక్కలో కలుస్తుంది. మా పెద్దమ్మ అంతదూరం పోదు.

అయితే వట్టం ఎక్కడికి పోయింది? క్యూ పోయింది, ముద్ర పోయింది, భయం పోయింది. తరుగు మాత్రం రేటు లోపలికి దూరింది. ఫోన్‌లో కనపడే రేటు బ్యాంకులు తమలో తాము మార్చుకునేది, అది మన చేతికి రాదు. లెక్క సులువు కోసం అక్కడ డాలరు 100 రూపాయలుంది అనుకుందాం. ఎయిర్‌పోర్టు కౌంటరు అమ్మేటప్పుడు 106 అనొచ్చు, మన దగ్గర కొనేటప్పుడు 94 అనొచ్చు. కమిషన్ లేదన్న బోర్డు అబద్ధం కాదు, ఆరు రూపాయలు వేరే పేరుతో వెళ్లిపోయాయి. షరాబు కనీసం వట్టం ఇంతని ముఖాన చెప్పేవాడు. ఏ బోర్డు చూసినా అడగాల్సింది ఒకటే ప్రశ్న: "నేను ఇంత రూపాయలిస్తే, అన్నీ పోను నా చేతికి ఎన్ని డాలర్లు వస్తాయి?" మార్పిడి మీద జీఎస్టీ కూడా ఉంటుంది, చిన్న మొత్తానికైనా కనీసం 45 రూపాయలు. దాన్ని కూడా కలిపి చెప్పమనాలి. ప్రయాణానికి వారం ముందే ఊళ్లో రిజర్వ్ బ్యాంక్ లైసెన్సు ఉన్న రెండు మూడు చోట్ల అడిగి పోల్చుకుంటే, ఎయిర్‌పోర్టులో గేటు పిలుపుకు ముందు తొందరలో పోగొట్టుకునేది మిగులుతుంది. పాన్ కార్డు అడుగుతారు, రసీదు ఇస్తారు. రెండూ లేని చోట రేటు ఎంత బాగున్నా కొనకూడదు. నకిలీ నోటు అంటగడితే మళ్లీ వెళ్లి అడగడానికి రసీదు ఉండదు.

కార్డు వైపు తరుగు ఇంకా లోతుగా దాక్కుంది. ఈ విషయంలో బ్యాంకాక్‌లో నేనే మోసపోయాను, మోసం అనడానికి కూడా లేదు, బటన్ నొక్కింది నేనే. ఏటీఎం తెర మీద, మీ ఖాతాలోంచి ఇన్ని రూపాయలు పోతాయి, సరేనా అని అడిగింది. రూపాయలు కనపడగానే సొంత మనిషి కనపడినట్టు అనిపించి సరే అన్నాను. దాన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. ఆ యంత్రం పెట్టినవాడు తనకు నచ్చిన రేటు వేసుకుంటాడు. వద్దు, ఇక్కడి కరెన్సీలోనే తీసుకో అని చెప్పి ఉంటే, కార్డు కంపెనీ రేటుకు పోయేది. అది దాదాపు ఎప్పుడూ దీనికన్నా మేలుగానే ఉంటుంది. దాని మీద మన బ్యాంకు మూడు, మూడున్నర శాతం మార్కప్ వేసుకుంటుంది, విత్‌డ్రా చేసిన ప్రతిసారీ ఒక ఫీజు, పైగా అక్కడి ఏటీఎం వాడి ఫీజు. థాయిలాండ్‌లో ఆ చివరిది ఒక్కటే 220 బాత్ తీసుకున్నారు. కాబట్టి రోజూ కొంచెం కొంచెం తీయడం దండగ. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే ఆ క్షణం నుంచే వడ్డీ, దాని జోలికే వెళ్లొద్దు. డాలర్లు ముందే నింపుకునే ఫారెక్స్ కార్డుకు రేటు ఇక్కడే ఖాయమవుతుంది. కానీ డాలర్లు నింపి బాత్ ఖర్చు పెడితే మళ్లీ మార్పిడి తరుగు.

ఇంకో సంగతి. 2020 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే కార్డులన్నీ దేశంలో మాత్రమే పనిచేసేలా వస్తాయి. విదేశీ వాడకం మనమే ఆన్ చేసుకోవాలి. ఇది తెలియక డాలస్‌లో దిగి, కార్డు పాడైందని కంగారు పడేవాళ్లున్నారు. యూపీఐ సింగపూర్, నేపాల్, శ్రీలంక, మారిషస్ లాంటి కొన్ని చోట్లకు చేరింది. అమెరికాకు మాత్రం దాన్ని నమ్ముకుని వెళ్లలేం.

ఇంట్లో చివరికి తేలింది ఇది. మూడు వందల డాలర్లు నోట్లుగా, ఇరవైలవీ పదులవీ. పెదనాన్న అన్న రెండు వేలు నిబంధనకు లోబడే ఉంది, మామూలుగా 3,000 డాలర్ల దాకా నోట్లు తీసుకెళ్లొచ్చు. అంత మూట ఎందుకనే మా గొడవ. మిగతాది ఫారెక్స్ కార్డులో. పాత డెబిట్ కార్డుకు విదేశీ వాడకం ఆన్ చేసి వేరే సంచిలో. పెదనాన్నకు ఇది నచ్చలేదు, ఆ మూడు వందలైనా నడుముకే కట్టుకోమన్నాడు, పెద్దమ్మ సరేనంది.

తిరిగి వచ్చాక మిగిలిన నోట్లను 180 రోజుల్లో బ్యాంకులోనో మనీ ఛేంజర్ దగ్గరో మార్చేయాలి, మళ్లీ ప్రయాణానికని 2,000 డాలర్ల దాకా దగ్గర ఉంచుకోవచ్చు. సెంట్లు, డైములు మాత్రం ఇక్కడ ఎవరూ తీసుకోరు. అవి ఏం చేస్తావని అడిగితే పెద్దమ్మ కొండ వైపు చెయ్యి చూపించింది. అక్కడ హుండీ కానుకలు లెక్కించే పరకామణిలో విదేశీ చిల్లరను వేరుగా ఏరేవాళ్లున్నారు.