నత్త నాడీకణాలపై న్యూరోపెప్టైడ్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఒక పెప్టైడ్ (కొద్ది అమైనో ఆమ్లాల గొలుసు, నాడీకణాల మధ్య సందేశం మోసేది) అయితే కణాన్ని ఉత్తేజపరుస్తుంది, లేదంటే అణిచేస్తుంది.

వాస్తవం: పెప్టైడ్‌కి అలాంటి స్వభావం ఏమీ లేదు. అందుకునే కణంలో ఏ గ్రాహకం (పెప్టైడ్ అంటుకునే ప్రోటీన్) ఉంది, అది ఏ ఛానల్‌ని (అయాన్లు దాటే ద్వారాన్ని) కదిలిస్తుంది అన్నదాన్ని బట్టే ఫలితం. ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఎఫ్‌అమైడ్‌నే తీసుకోండి. నాలుగే అమైనో ఆమ్లాలు. ప్రైస్, గ్రీన్‌బర్గ్ 1977లో దీన్ని ఒక ఆల్చిప్ప నాడీగ్రంథుల్లో గుర్తించారు. తోట నత్త హెలిక్స్‌లోని సి2 న్యూరాన్ మీద వేస్తే సోడియం లోపలికి దూకి కణం స్పైక్‌లు (విద్యుత్ సంకేతాలు) కొడుతుంది. అదే పెప్టైడ్‌ని సముద్రపు నత్త అప్లీసియా స్పర్శ న్యూరాన్ మీద వేస్తే పొటాషియం ఛానళ్లు తెరుచుకుని కణం మౌనంగా ఉండిపోతుంది.

ఏ అయాన్ కదిలిందో తేల్చడానికి వోల్టేజి క్లాంప్ (కణం వోల్టేజిని ఒకేచోట పట్టి ఉంచి కరెంట్ కొలిచే పరికరం) లేకపోయినా ఒక దారి ఉంది. ప్రతి 2 సెకన్లకోసారి చిన్న రుణ కరెంట్ పల్స్ ఇస్తూ పెప్టైడ్ వేయండి. తెర మీద పల్స్ లోతు తగ్గితే ఛానళ్లు తెరుచుకున్నట్టు, పెరిగితే మూసుకున్నట్టు. తర్వాత కణాన్ని -80 మిల్లీవోల్టుల దగ్గరికి దించి మళ్లీ వేయండి. పొటాషియం స్పందన అక్కడ దాదాపు మాయమవుతుంది, సోడియం స్పందన ఇంకా పెద్దదవుతుంది.

అపోహ: పెప్టైడ్లన్నీ నెమ్మదిగానే పనిచేస్తాయి.

వాస్తవం: చాలావరకు నిజమే, గ్రాహకం నుంచి ఛానల్‌కి సందేశం మోసే జి-ప్రోటీన్ల దారి నెమ్మదే. కానీ సి2లో గ్రాహకమే ఛానల్, మధ్యవర్తి ఎవరూ లేరు. ఆ ఛానల్ జన్యువుని 1995లో క్లోన్ చేశారు. అమిలోరైడ్ అనే మందు దాన్ని అడ్డుకుంటుంది.

అపోహ: కణం స్పందించిందంటే పెప్టైడ్ నేరుగా దానిమీదే పనిచేసినట్టు.

వాస్తవం: మనల్ని ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఇదే. మొత్తం గాంగ్లియన్ (నాడీగ్రంథి) సెలైన్‌లో (కణాలను ఉంచే ఉప్పునీటిలో) ఉన్నప్పుడు పక్క కణం ఉత్తేజితమై దీన్ని కదిపి ఉండొచ్చు. కాల్షియం తీసేసి, మెగ్నీషియం పెంచిన సెలైన్‌లో సినాప్సులు (కణాల మధ్య సందేశం దాటే చోట్లు) ఆగిపోతాయి. అక్కడా స్పందన వస్తేనే నేరు ప్రభావం అనండి. స్పైక్‌లను ఆపే విషం టెట్రోడోటాక్సిన్‌తో పని కానిద్దామనుకోకండి, చాలా నత్త న్యూరాన్ల స్పైక్‌లు దానికి లొంగవు. కాల్షియం మార్పే కణం తీరుని మారుస్తుంది కాబట్టి, పెప్టైడ్ లేకుండా ముందు ఆ సెలైన్‌లోనే రికార్డు తీసుకోవాలి. అన్నిటికన్నా నమ్మకమైనది, కణాన్ని విడదీసి కల్చర్‌లో పరీక్షించడం.

అపోహ: రెండోసారి స్పందన తగ్గితే కణం చచ్చిపోతున్నట్టే.

వాస్తవం: ముందు గ్రాహకం మొద్దుబారిందేమో చూడండి. కనీసం 10 నిమిషాలు కడిగి మళ్లీ వేయండి. అప్పటికీ రాకపోతే ద్రావణాన్ని అనుమానించండి. ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఎఫ్‌అమైడ్‌లోని మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం గాలికి ఆక్సీకరణం చెందుతుంది, పలచటి పెప్టైడ్ గొట్టం గోడలకు అంటుకుపోతుంది. మిల్లీలీటరుకు 0.6 మిల్లీగ్రాములు కలిపితే 1 మిల్లీమోలార్ వస్తుంది. చిన్న భాగాలుగా పంచి -20 డిగ్రీల్లో ఉంచండి, కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించకండి. కొనేటప్పుడు చివర అమైడ్ ఉందో లేదో చూసుకోండి. ఆమ్ల రూపం వస్తే ఎంత పోసినా దాదాపు ఏమీ జరగదు.

అపోహ: నత్త సెలైన్ అంటే ఒకటే.

వాస్తవం: మంచినీటి నత్త లిమ్నియాకి సోడియం క్లోరైడ్ 50 మిల్లీమోలార్ దగ్గర, సముద్రపు అప్లీసియాకి 460 దగ్గర. సీసాలు తారుమారైతే లిమ్నియా కణాలు ముడుచుకుపోతాయి, అప్లీసియా కణాలు ఉబ్బి పగులుతాయి.