అపోహలు - వాస్తవాలు: ఆస్ట్రేలియా పల్లెల్లో సైకిల్ ట్రిప్పు, మెత్తటి సీటు

మెల్‌బోర్న్ వెస్ట్‌లో ఒక సైకిల్ షాపులో పని చేస్తాను. రిపేర్లు, ఫిట్టింగు, లాంగ్ ట్రిప్పులకి వెళ్ళేవాళ్ళకి బండి సిద్ధం చేసివ్వడం నా పని. ఈస్టర్ దగ్గర పడిందంటే చాలు, టార్నీట్ నుంచి, పాయింట్ కుక్ నుంచి మనవాళ్ళు గ్యాంగులుగా వస్తారు, "అన్నా, ఫ్రెండ్స్ అందరం కలిసి వాంగరట్టా నుంచి బ్రైట్ దాకా తొక్కుదామనుకుంటున్నాం, అంతా రైల్ ట్రెయిలే కదా ఈజీగా అయిపోతుంది, సీటు మాత్రం బాగా మెత్తటిది వెయ్యి" అంటారు. రైల్ ట్రెయిల్ అంటే రైళ్ళు ఆగిపోయిన పాత పట్టాల దారిని సైకిళ్ళకి మార్చింది. మనిషి మారతాడు గానీ ఈ మాట మారదు. మూడు రోజుల ట్రిప్పు రెండో రోజు మధ్యాహ్నానికే ఆగిపోవడానికి నేను చూసినంతలో పెద్ద కారణం పాములు కాదు, ఎండా కాదు, ఫిట్‌నెస్ లేకపోవడం కూడా కాదు. ఈ మెత్తటి సీటే. అందుకే దీని గురించి వివరంగా చెప్తాను, మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తా.

అపోహ: సీటు ఎంత మెత్తగా, ఎంత వెడల్పుగా ఉంటే అంత సుఖం.

వాస్తవం: షాపులో రెండు నిమిషాలు కూర్చుని చూస్తే ఎవరికైనా మెత్తటిదే నచ్చుతుంది. రెండు గంటలు తొక్కాక సంగతి వేరు. గట్టి బల్ల మీద కూర్చుని కాస్త అటూ ఇటూ కదలండి, పిర్రల కింద రెండు ఎముకలు తగులుతాయి. సైకిల్ మీద మన బరువు మోయాల్సింది ఆ రెండే. సీటు మరీ మెత్తగా ఉంటే ఆ ఎముకలు అందులోకి దిగిపోతాయి, దిగినకొద్దీ మధ్యలో ఉన్న ఫోమ్ పైకి పొడుచుకొచ్చి నరాలు, రక్తనాళాలు వెళ్ళే చోట ఒత్తుతుంది. బాగా మెత్తటి పరుపు మీద పడుకుని లేస్తే నడుం పట్టేసినట్టే ఇదీ, పడుకునేటప్పుడు హాయిగానే ఉంటుంది. ఇక వెడల్పు సీటైతే తొక్కిన ప్రతిసారీ తొడ లోపలి భాగం దాని అంచుకి రాసుకుంటుంది. నిమిషానికి అరవై డెబ్బై సార్లు, గంటల తరబడి రాసుకుంటే చర్మం ఏమవుతుందో ఆలోచించండి.

ఇక్కడ ఇంకో విషయం ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. రైల్ ట్రెయిల్ చదునుగా ఉంటుంది కాబట్టి సీటుకి సుఖం అనుకుంటారు. ఉల్టా. మామూలు రోడ్డు మీద ఎత్తు వస్తే లేచి నిలబడి తొక్కుతాం, పల్లం వస్తే తొక్కడం ఆపి కాస్త పైకి లేస్తాం, అలా తెలియకుండానే కూర్చునే చోటుకి రెస్ట్ దొరుకుతుంది. పాత రైలు దారి మీద అది ఉండదు, ఆపకుండా తొక్కుతూ గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చోవాలి. ఆ దారిలో ఎవర్టన్ దగ్గర చీలి బీచ్‌వర్త్‌కి ఎక్కే 16 కిలోమీటర్లే తీసుకోండి, మొత్తం ఎక్కేది 300 మీటర్లు అటూ ఇటూ, సగటు వాలు రెండు శాతం చుట్టూ ఉంటుంది. నిలబడి తొక్కేంత ఎత్తు కాదు, దిగి నడిచేంత ఎత్తూ కాదు, అందుకని సీటుకి అతుక్కుని మెల్లగా ఎక్కుతూనే ఉంటారు. అదీ మొదటి రోజు సాయంత్రం, అప్పటికే వాంగరట్టా నుంచి ఇరవై పైచిలుకు కిలోమీటర్లు తొక్కొచ్చాక.

ఒకసారి తెలిసినవాళ్ళ గ్యాంగుతో నేనూ వెళ్ళాను. అందులో ఒక తమ్ముడు ట్రిప్పు కోసమని స్ప్రింగుల సీటు కొన్నాడు, అది చాలదని దాని మీద జెల్ కవర్ తొడిగాడు. బండి నా దగ్గరికి తీసుకురాలేదు, డైరెక్టుగా ట్రెయిన్ దగ్గర కలిశాడు. రెండో రోజు బీచ్‌వర్త్ నుంచి దిగి గ్యాప్‌స్టెడ్ దగ్గరికొచ్చేసరికి అందరం చెట్టు కింద కూర్చుంటే అతనొక్కడే హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు. ఏంట్రా అంటే మోకాలు నొప్పి మామా అన్నాడు ఫ్రెండ్స్‌తో. కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తున్నాడు, మోకాలు నొప్పికి ఎవరూ అలా నడవరు. బండి చూస్తే జెల్ కవర్ తాడు వదులై పక్కకి జారిపోయి ఉంది, సీటు రెండు వేళ్ళ ఎత్తు ఎక్కువుంది, వేసుకున్నది జీన్స్ షార్ట్, దాని మధ్యలో నాలుగు కుట్లు కలిసే చోట దళసరి ముడి. పక్కకి తీసుకెళ్ళి అడిగితే అప్పుడు చెప్పాడు, "అన్నా, చర్మం ఊడిపోయింది, పొద్దున్నే చూసుకున్నా, మీ అందరి ట్రిప్పూ పాడవుతుందని చెప్పలేదు". ఎంత బాధనిపించిందో. పొద్దున్నే చెప్పుంటే సీటు దించి, కవర్ పీకేసి, ఏదో ఒకటి చేసేవాళ్ళం. మిర్టిల్‌ఫర్డ్ దాకా ఎలాగో తీసుకొచ్చి అక్కడి నుంచి షటిల్ వ్యాన్‌లో బ్రైట్ పంపించాం, మౌంట్ బఫలో పక్కనుంచి వెళ్ళే చివరి ముప్పై కిలోమీటర్లు, ఆ ట్రెయిల్ మొత్తంలో అందమైన ముక్క, అతను చూడకుండానే పోయింది.

కాబట్టి నొప్పి అంటే అన్నీ ఒకటి కాదు, తేడా తెలుసుకోండి. కూర్చునే ఎముకల దగ్గర దెబ్బ తగిలినట్టు నొప్పి వస్తే అది కొత్తవాళ్ళందరికీ ఉంటుంది, కొన్ని రైడ్లు అయ్యాక దానంతటదే పోతుంది, భయం లేదు. చర్మం మంట, ఎర్రబడటం, ఒరుసుకుపోవడం వస్తే అది బట్టల వల్లో సీటు ఎత్తు వల్లో, అదే రోజు సరిచేయాలి, ఓర్చుకుంటే పుండవుతుంది. ముందు భాగంలో తిమ్మిరి వస్తే మాత్రం వెంటనే దిగండి. సీటు ముక్కు పైకి లేచి ఉందేమో చూసుకుని మట్టంగా పెట్టుకోండి, పది పదిహేను నిమిషాలకోసారి పెడల్స్ మీద నిలబడండి, దిగాక కూడా తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఏ సీటు కొనాలి అంటే, ధర కాదు, మీ ఎముకల మధ్య దూరం చూడాలి. అట్టపెట్టె ముక్క ఒకటి గట్టి స్టూల్ మీద వేసి మోకాళ్ళు కాస్త పైకి పెట్టి కూర్చుని లేస్తే రెండు గుంటలు పడతాయి, వాటి మధ్య కొలిచి దానికి ఓ రెండు సెంటీమీటర్లు కలిపితే మీకు కావాల్సిన వెడల్పు దాదాపుగా తెలుస్తుంది. ఆడవాళ్ళకి సాధారణంగా ఈ దూరం ఎక్కువ, అందుకే భర్త బండి తీసుకుని వచ్చే అక్కలకి ముందు సీటు మార్చుకోమంటాను. అడగడానికి సిగ్గుపడతారు, కౌంటర్ దగ్గర గొంతు తగ్గించేస్తారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు అక్కా, మేం రోజూ వినే ప్రశ్నే, నేరుగా అడగండి.

ఎత్తు సంగతి: సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెడితే, పెడల్ కిందకి వెళ్ళినప్పుడు కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదీ లెక్క. ఎక్కువ ఎత్తైతే నడుం అటూ ఇటూ ఊగి ఒరుసుకుంటుంది, తక్కువైతే బరువంతా సీటు మీదే పడుతుంది, మోకాళ్ళు కూడా పోతాయి.

బట్టలు: ప్యాడింగ్ ఉన్న సైక్లింగ్ షార్ట్, లోపల డ్రాయర్ వేసుకోకూడదు. ఇది చెప్తే సగం మంది నమ్మరు. ఆ ప్యాడ్ పెట్టిందే ఒంటికి తగిలేలా కుట్లు లేకుండా, మధ్యలో ఇంకో కాటన్ గుడ్డ వేస్తే చెమట పట్టి దాని కుట్టే కోస్తుంది. రెండు జతలు పెట్టుకోండి, సాయంత్రం మోటెల్ చేరగానే ఉతికి ఆరేయండి, నిన్నటిది ఉతకకుండా వేసుకోవద్దు. పౌడర్ వద్దు, చెమటకి ఉండలు కడుతుంది. షామీ క్రీమ్ (ఒరుసుకోకుండా రాసుకునే సైక్లింగ్ క్రీమ్) రాసుకోండి, లేదంటే వాజలిన్.

"మా నాన్న హెర్క్యులస్ సైకిల్ మీద రోజూ టౌనుకెళ్ళి వచ్చేవాడు, ఆయనకి ఏ ప్యాడింగ్ ఉంది" అని చాలామంది అంటారు. నిజమే, కానీ ఆయన రోజూ తొక్కాడు, ఏళ్ళ తరబడి. ఆ తోలు సీటు మెత్తటిది కాదు, గట్టిది, ఆయన కూర్చుని కూర్చుని ఆయన ఒంటికి తగ్గట్టు సాగింది. పైగా పంచె కట్టుకుని తొక్కినవాళ్ళకి మధ్యలో కుట్టే ఉండదు. అంటే నాన్నగారి సైకిల్ కూడా నేను చెప్పేదే చెప్తోంది.

సీటు తర్వాత ముఖ్యమైంది అలవాటు. ట్రిప్పుకి నెల ముందు నుంచి వారానికి రెండు మూడు సార్లు తొక్కండి, అందులో శని ఆదివారాలు వరసగా. వరసగా అన్నదే ముఖ్యం, ఎందుకంటే మొదటి రోజు ఎవరైనా తొక్కేస్తారు, నిన్న కూర్చున్న చోటే ఇవాళ మళ్ళీ కూర్చోవడమే అసలు పరీక్ష. వెర్రిబీ వైపు ఉండేవాళ్ళకి ఫెడరేషన్ ట్రెయిల్ ఇంటి పక్కనే ఉంది, ట్రిప్పులో వాడబోయే అదే సీటు, అదే షార్ట్ వేసుకుని వెళ్ళండి.

అపోహ: ఈ-బైక్ అద్దెకి తీసుకుంటే ఈ గోలే ఉండదు.

ఊపిరికి, మోకాళ్ళకి హాయే, పెద్దవాళ్ళకి నేనే తీసుకోమంటాను. కానీ పెడల్‌ని గట్టిగా నొక్కినప్పుడు బరువులో కొంత కాళ్ళ మీదకి పోతుంది, మోటార్ లాగుతుంటే అది తగ్గి సీటు మీద ఇంకా ఎక్కువ పడుతుంది. అందుకని ఈ-బైక్‌కీ పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి.

అపోహ: సైకిల్ ఎక్కువ తొక్కితే మగవాళ్ళకి పిల్లలు పుట్టరు.

ఈ వాట్సాప్ ఫార్వర్డ్ ఎవరు మొదలుపెట్టారో గానీ కొత్తగా పెళ్ళైన కుర్రాళ్ళు నిజంగా బెంగపడి అడుగుతున్నారు. సరదాకి మూడు నాలుగు రోజులు తొక్కేవాళ్ళు దీనికి భయపడాల్సిన పని లేదు. తిమ్మిరిని పట్టించుకోకుండా తొక్కడం మాత్రం తప్పు, అది ముందే చెప్పాను. ఇది కాక వేరే అనుమానం ఏదైనా ఉంటే డాక్టర్‌ని అడగండి, గ్రూపులో అడగొద్దు.

ఇక మిగతావి.

పాములు: ఉన్నాయి, ఎండ రోజుల్లో దారికి అడ్డంగా కనిపిస్తాయి కూడా. ఆగండి, దూరంగా ఉండండి, వెళ్ళిపోతుంది. ఆస్ట్రేలియా మొత్తంలో పాముకాటుతో చనిపోయేవాళ్ళు ఏడాదికి సగటున ఇద్దరు ముగ్గురు. కరిస్తే కడగొద్దు, కోయొద్దు, కరిచిన కాలు లేదా చెయ్యి మొత్తం గట్టిగా క్రేప్ బ్యాండేజ్ చుట్టి, కదలకుండా కూర్చోబెట్టి ఎమర్జెన్సీ నంబర్ 000కి ఫోన్ చేయండి. గ్యాంగుకి రెండు బ్యాండేజీలు ఉంటే చాలు. ఎమర్జెన్సీ ప్లస్ యాప్ వేసుకోండి, మీరెక్కడున్నారో అదే చూపిస్తుంది.

మ్యాగ్‌పైలు: ఇవి నలుపు తెలుపు పక్షులు, ఆగస్టు నుంచి నవంబర్ దాకా గూడు కాపలా కాసే మగ పక్షులు కొన్ని మీదకొస్తాయి, అన్నీ కాదు. దిగి నడుచుకుంటూ దాటండి, హెల్మెట్ తియ్యొద్దు, కళ్ళజోడు పెట్టుకోండి. హెల్మెట్ ఎలాగూ చట్టం, విక్టోరియాలో 1990 నుంచి ఉంది, పల్లెటూరే కదా అని మినహాయింపు ఏమీ లేదు.

రైల్ ట్రెయిళ్ళన్నీ ఒకేలా ఉంటాయనుకోవద్దు. వాంగరట్టా-బ్రైట్ చాలావరకు తారు. టాలరూక్ నుంచి మాన్స్‌ఫీల్డ్ వెళ్ళే 134 కిలోమీటర్ల గ్రేట్ విక్టోరియన్ రైల్ ట్రెయిల్ మట్టీ కంకరా, అక్కడ వెడల్పు టైర్లు వేసి గాలి కాస్త తగ్గించుకుంటే కుదుపు తగ్గుతుంది, అదీ సీటుకి మేలే. దాన్లో చెవియట్ టన్నెల్ వస్తుంది, 200 మీటర్ల పొడవు, లైటు ఉండాలి.

ట్రెయిన్: సదరన్ క్రాస్ నుంచి వాంగరట్టా వెళ్ళే బండిలో చోటుంటేనే సైకిల్ ఎక్కించుకుంటారు. ట్రెయిన్ బదులు కోచ్ బస్సు వేస్తే అందులో ఎక్కనివ్వరు. ఎక్కువ మంది ఉంటే అక్కడికెళ్ళి అద్దెకి తీసుకోవడమే నయం, కానీ మీకు అలవాటైన సీటు విప్పి బ్యాగులో పెట్టుకెళ్ళండి, బిగించడానికి ఒక్క అలెన్ కీ చాలు.

తిండి: వెజిటేరియన్‌కి ఏమీ దొరకదన్నది పాత మాట, బేకరీల్లో కూరగాయల పేస్టీ ఉంటుంది, వాంగరట్టాలో బ్రైట్‌లో సూపర్‌మార్కెట్లు ఉన్నాయి, క్యారవాన్ పార్క్ క్యాబిన్ తీసుకుంటే వంట చేసుకోవచ్చు. కాకపోతే చిన్న ఊళ్ళలో పబ్ కిచెన్ ఎనిమిదింటికల్లా కట్టేస్తారు, బేకరీలు మధ్యాహ్నమే మూసేస్తారు, సోమ మంగళవారాల్లో కొన్ని అసలు తెరవరు, రాత్రికి ఎక్కడ తింటారో పొద్దున్నే ఫోన్ చేసి కనుక్కోండి. ఏప్రిల్ చివర ఆకులు రంగు మారే టైముకి బ్రైట్ వెళ్ళాలంటే రూములు నెలల ముందే బుక్ చేయాలి.