జోషీమఠ్‌కు 1976లోనే చెప్పారు

2023 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్‌లో వందల ఇళ్ల గోడలు పగిలాయి. ఉండటానికి పనికిరాదన్న ఇంటి మీద అధికారులు ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు వేశారు. ఎముకలు కొరికే చలిలో జనం సామాను మూటగట్టుకుని బయటికొచ్చారు. 2022 డిసెంబర్ 27 నుంచి 12 రోజుల్లో అక్కడి నేల 5.4 సెంటీమీటర్లు కుంగిందని మన హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉపగ్రహ చిత్రాలతో తేల్చింది. ఆ రిపోర్టును వెంటనే వెబ్‌సైట్ నుంచి తీసేశారు. కాళ్ల కింద నేల కుంగుతున్నవాళ్లకు ఆ లెక్క అందకుండా చేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అసలు అక్కడి కొండ గురించి మొదట గమనించింది ఊళ్లవాళ్లే. 1970 జులైలో అక్కడి అలకనంద నదికి పెద్ద వరద వచ్చింది. గోపేశ్వర్ పట్టణంలో గాంధేయవాది చండీప్రసాద్ భట్ వాళ్లు పెట్టుకున్న దశోలీ గ్రామ స్వరాజ్య సంఘం కార్యకర్తలు సాయం చేయడానికి ఊరూరా తిరిగారు. పైన అడవి నరికిన చోట్లే కొండ ఎక్కువగా జారిందని వాళ్లకు అర్థమైంది. రైతులకు ఇంకో కడుపుమంట కూడా ఉంది. వ్యవసాయ పనిముట్లకు వాళ్లు వాడేది అంగూ చెట్టు కర్ర. తేలిక, గట్టిదనం రెండూ ఉంటాయి దానికి. ఆ చెట్లు అడిగితే అటవీ శాఖ కుదరదంది. 1973లో అవే చెట్లను క్రీడా సామాన్లు తయారుచేసే కంపెనీకి ఇచ్చింది. చెట్లను హత్తుకుని కాపాడుకునే చిప్కో ఉద్యమం అక్కడ రాజుకుంది. 1974 మార్చి 26న జోషీమఠ్‌కు ఎగువనున్న రైణీ ఊళ్లో గౌరాదేవి, తోటి ఆడవాళ్లు నరికేవాళ్లకు అడ్డం నిలబడ్డారు. బతుకుతెరువు, కొండ క్షేమం వాళ్లకు ఒకటే.

1976లో ఆ ప్రాంతానికి, అంటే గఢ్వాల్‌కు, కమిషనర్ అయిన మహేశ్ చంద్ర మిశ్రా కమిటీ జోషీమఠ్‌ను పరిశీలించింది. ఎప్పుడో జారిపడిన కొండచరియల మట్టి, రాళ్ల మీద ఊరు ఉందని చెప్పింది. వాలులోని బండలను తవ్వొద్దు, పేల్చొద్దు, బరువైన కట్టడాలు వద్దు, చెట్లు నాటండి, నీరు నేలలోకి దిగకుండా కాలువలు కట్టండి అని రాసింది. ఇంతకన్నా తేటగా ఎవరు చెప్పగలరు?

తర్వాత ఈ ఊరి మీదుగా సాగే బద్రీనాథ్ యాత్ర పెరిగింది, పక్కనే మంచు ఆటలకు పేరున్న ఔలీకి టూరిస్టులు పెరిగారు, హోటళ్లు లేచాయి. వాటి మురుగు చాలావరకు గుంతల్లోకే ఇంకింది. 2009 డిసెంబర్‌లో తపోవన్–విష్ణుగాడ్ జలవిద్యుత్ ప్రాజెక్టు సొరంగం తవ్వే యంత్రం కొండ లోపలి నీటి పొరను చీల్చింది. ఇలా నీరు బయటికి పోతే నేల కుంగే ప్రమాదం ఉందని మరుసటి ఏడాదే శాస్త్రవేత్తలు హెచ్చరించారు. తమ ఊరి దగ్గరి రిషిగంగ జలవిద్యుత్ ప్రాజెక్టు పేలుళ్ల మీద రైణీవాళ్లు 2019లో హైకోర్టుకు వెళ్లారు. 2021 ఫిబ్రవరి 7న పైనుంచి రాయి, మంచు విరిగిపడి వచ్చిన వరద ఆ ప్రాజెక్టును తుడిచిపెట్టింది. 200 మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు.

2023 తర్వాత ఊరివాళ్లను సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని గౌచర్ వైపు పంపాలన్న ప్రతిపాదన వచ్చింది. చాలామంది ఒప్పుకోలేదు. యాత్రికులకు గదులు అద్దెకిచ్చేవాళ్ల సంపాదన బద్రీనాథ్ గుడి తెరిచి ఉండే ఆరు నెలల్లోనే. పాడి ఉన్నవాళ్లకు గడ్డి, పొలం, తోట అన్నీ ఆ వాలు మీదే ఉన్నాయి.