36 గంటల ముందే దొరికిన లోహపు పలుకు

హెలికాప్టర్ కూలిన గంటల్లోనే ఒక ప్రకటన వస్తుంది. అందులో ఒక మాట తప్పకుండా ఉంటుంది: నిర్ణీత తనిఖీలన్నీ సకాలంలో పూర్తయ్యాయని. చాలా ప్రమాదాల్లో ఆ మాట నిజమే. అయినా హెలికాప్టర్ ఎందుకు కూలిందన్న ప్రశ్నకు అందులో జవాబు ఉండదు. తప్పు హెలికాప్టర్‌ను తయారుచేసినవారిదా, నడిపి నిర్వహించేవారిదా అంటూ తనిఖీలు, నిర్వహణ నిబంధనలపై మళ్లీ రేగిన వాదన అంతా ఈ ఖాళీ చుట్టూనే తిరుగుతోంది.

లెస్టర్ ప్రమాదాన్నే చూడండి. 2018 అక్టోబరు 27 రాత్రి లెస్టర్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్ యజమాని విచాయ్ శ్రీవద్ధనప్రభ ఎక్కిన ఏడబ్ల్యూ169 హెలికాప్టర్ స్టేడియం నుంచి లేచిన కొద్దిసేపటికే గిర్రున తిరిగి కూలిపోయింది. లోపల ఉన్న ఐదుగురూ చనిపోయారు. తోక రోటర్ నియంత్రణలోని ఒక బేరింగ్ బిగుసుకుపోవడమే దానికి మూలమని తేలింది. బ్రిటన్ విమాన ప్రమాదాల దర్యాప్తు విభాగం ఏఏఐబీ దాదాపు ఐదేళ్లు పరిశోధించి 2023 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. హెలికాప్టర్ నిర్వహణ సక్రమంగా జరిగిందని, నిబంధనలన్నీ పాటించారని అందులో స్పష్టంగా రాసింది. 2025 జనవరిలో విచారణ జ్యూరీ ఇది ప్రమాదవశాత్తు సంభవించిన మరణమేనని తేల్చింది. విచాయ్ కుటుంబం మాత్రం తయారీ సంస్థ లియోనార్డోపై భారీ పరిహారం కోరుతూ కోర్టుకు వెళ్లింది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నప్పుడు తప్పు ఎవరిది? ఈ ప్రశ్న లెస్టర్‌లో పుట్టింది కాదు.

ఎగిరే ముందు చేసే పరిశీలన, 100 గంటల తనిఖీ, ఏడాది తనిఖీ, ఓవర్‌హాల్ (మొత్తం విప్పి సరిచేయడం), ఆయుష్షు తీరగానే మార్చేసే భాగాలు అందరికీ తెలిసినవే. 1986లో షెట్లాండ్ దీవుల దగ్గర చినూక్ కూలి 45 మంది చనిపోయాక గేర్‌బాక్స్ (ఇంజిన్ శక్తిని రోటర్‌కు చేరవేసే భాగం) కంపనాలను నమోదు చేసే పరికరాలు ఎలా వచ్చాయో కూడా చాలాసార్లు రాశారు. అవన్నీ దాటి నేరుగా 2009 వసంతంలోని మూడు వారాల దగ్గరికి వెళ్లాలి. మార్చి 12న ఒక ప్రమాదం, ఏప్రిల్ 1న మరొకటి. నేటి వాదనలో ఇరుపక్షాలు పట్టుకున్న ప్రతి అంశమూ ఆ మూడు వారాల్లోనే ఉంది.

మార్చి 12న కెనడాలోని సెయింట్ జాన్స్ నుంచి సికోర్‌స్కీ ఎస్-92 ఒకటి సముద్రంలోని చమురు క్షేత్రాలకు బయల్దేరింది. 16 మంది ప్రయాణికులు, ఇద్దరు పైలట్లు. 9,000 అడుగుల ఎత్తులో ఉండగా ప్రధాన గేర్‌బాక్స్‌లో నూనె ఒత్తిడి పడిపోయింది. పైలట్లు వెనక్కి తిప్పారు కానీ తీరం చేరలేకపోయారు. 17 మంది చనిపోగా ఒక్కరే బతికారు. గేర్‌బాక్స్ నూనె ఫిల్టర్ గిన్నెను మూడు టైటానియం స్టడ్‌లు (మరలున్న బిగింపు కడ్డీలు) పట్టి ఉంచుతాయి. వాటిలో రెండు, పదేపదే పడే ఒత్తిడికి లోహం అలసి, విరిగిపోవడంతో నూనె మొత్తం కారిపోయింది.

ఆ స్టడ్‌లు విరుగుతాయని అప్పటికే తెలుసు. ఎనిమిది నెలల ముందు, 2008 జులైలో, ఆస్ట్రేలియాలో ఇదే రకం హెలికాప్టర్‌లో ఇవే స్టడ్‌లు విరిగాయి. కింద నేల ఉంది కాబట్టి వెంటనే దించేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత సికోర్‌స్కీ స్టడ్‌ల పరిశీలనకు మాన్యువల్‌లో కొత్త పద్ధతి చేర్చింది. 2009 జనవరి 28న బులెటిన్ ఇచ్చి టైటానియం స్టడ్‌లు తీసేసి ఉక్కువి బిగించమంది. అందుకు ఇచ్చిన గడువు 1,250 ఎగిరే గంటలు, లేదా ఒక సంవత్సరం. సెయింట్ జాన్స్ హెలికాప్టర్ ఆ గడువు లోపలే ఉంది. అంటే రికార్డు ప్రకారం ఏ బాకీ లేదు. ప్రమాదం జరిగి రెండు వారాలు తిరక్కముందే అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ అత్యవసర ఆదేశం ఇచ్చింది. ఆ స్టడ్‌లు మార్చకుండా ఒక్క హెలికాప్టర్ కూడా ఎగరకూడదని దాని సారాంశం. జనవరిలో ఏడాది ఆగవచ్చు అనుకున్న పని మార్చిలో ఒక్క రోజు కూడా ఆగకూడనిది అయింది. ఈ రెండు ఆదేశాల మధ్య స్టడ్‌ల లోహంలో ఏ మార్పూ రాలేదు.

కెనడా రవాణా భద్రతా మండలి 2011 నివేదికలో నిర్వాహక సంస్థను కూడా వదల్లేదు. మాన్యువల్‌లో తప్పనిసరి చేసిన ఆ కొత్త పరిశీలనను సంస్థ సరిగా అమలు చేయలేదని, అందుకే దెబ్బతిన్న స్టడ్‌లు బయటపడలేదని తేల్చింది. తయారీదారులు ఈ వాక్యాన్నే ముందు పెడతారు. అదే నివేదికలో ఇంకొక విషయమూ ఉంది, దానికి మరింత చోటు ఇవ్వాలి. పెద్ద రవాణా హెలికాప్టర్ల గేర్‌బాక్స్ నూనె అంతా పోయినా 30 నిమిషాలు నడవాలన్నది నిబంధన. అయితే నూనె పోవడం అత్యంత అరుదని నిరూపిస్తే మినహాయింపు ఉండేది. 2002లో ధ్రువీకరణ పరీక్షలో ఎస్-92 గేర్‌బాక్స్ దాదాపు 11 నిమిషాలకే ధ్వంసమైంది. కంపెనీ కూలర్ వైపు నూనె కారితే ఆపే కవాటాన్ని చేర్చింది, మిగతా లీకులు అత్యంత అరుదని వాదించింది, ధ్రువపత్రం పొందింది. ఆ లెక్కలో ఫిల్టర్ స్టడ్‌లు విరిగే అవకాశాన్ని పట్టించుకోలేదు. అట్లాంటిక్ మీద పైలట్లకు దక్కిన సమయం కూడా ఇంచుమించు ఆ 11 నిమిషాలే. హ్యాంగర్‌లో, అంటే మరమ్మతు షెడ్డులో, పానా పట్టుకున్న మనిషికి ఈ 2002 నాటి పరీక్ష సంగతి ఏ చెక్‌లిస్టులోనూ కనిపించదు.

ఇక రెండోది. నా ఉద్దేశంలో మిగతా కథ అంతా దీని నుంచే విప్పాలి.

మార్చి 25న స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో ఒక సూపర్ ప్యూమా హెలికాప్టర్ గేర్‌బాక్స్‌లోని చిప్ డిటెక్టర్ మీద లోహపు పలుకు ఒకటి దొరికింది. చిప్ డిటెక్టర్ అంటే నూనె దారిలో పెట్టిన అయస్కాంతపు మొన. లోపల ఏ గేరైనా, బేరింగైనా పెచ్చులూడితే ఆ ముక్కలు కొట్టుకొచ్చి దీనికి అంటుకోవాలి. అంటుకుంది. ఇంజినీర్లు చూశారు. తయారీ సంస్థతో ఫోన్లో, ఈమెయిళ్లలో మాట్లాడారు. ఏ మాడ్యూల్ గురించి మాట్లాడుకుంటున్నారో, ఏ పని చేయాలో, అప్పటికే ఏది చేశారో అన్న విషయాల్లో ఇద్దరి మధ్యా అపార్థం వచ్చింది. మాన్యువల్ ప్రకారం ఎపిసైక్లిక్ మాడ్యూల్ (మధ్య గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగే భాగం) విప్పి లోపలి అయస్కాంతాలను చూడాలి. అది విప్పలేదు. పలుకు ప్రమాదకరం కాదనుకున్నారు. కొన్ని గంటలపాటు డిటెక్టర్‌ను తరచుగా చూస్తూ హెలికాప్టర్‌ను నడపాలని నిర్ణయించారు.

ఆ తర్వాత చూసిన ప్రతిసారీ డిటెక్టర్ శుభ్రంగానే ఉంది. కంపనాల రికార్డులోనూ ఏమీ లేదు. ఏప్రిల్ 1న మిల్లర్ రిగ్గు నుంచి తిరిగొస్తుండగా గేర్‌బాక్స్ పగిలి ప్రధాన రోటర్ ఊడిపోయింది. 16 మంది చనిపోయారు. ఏఏఐబీ తర్వాత పరీక్షిస్తే ఆ పలుకు ఆ మాడ్యూల్‌లోని చిన్న గేర్లలో ఒకటైన రెండో దశ ప్లానెట్ గేరు నుంచి ఊడిన ఉక్కేనని తేలింది. పగిలింది కూడా ఆ గేరే. పలుకు దొరికినప్పటి నుంచి కూలేదాకా హెలికాప్టర్ ఎగిరింది 36 గంటలు.

మరి 36 గంటల్లో ఇంకో పలుకు ఎందుకు దొరకలేదు? నివేదికలో అన్నింటికన్నా బాధ కలిగించే జవాబు ఇదే. మాడ్యూల్ నుంచి వచ్చే లోహపు రజను గేర్‌బాక్స్‌లోని మిగతా భాగాల్లో పడకుండా కాపాడాలని తయారీదారు లోపల ఒక అయస్కాంతాల వలయం పెట్టాడు. ఆ వలయమే రజనును పట్టేసుకోవడం వల్ల డిటెక్టర్ దాకా ముక్కలు చేరే అవకాశం తగ్గింది. రక్షణ కోసం పెట్టిన ఏర్పాటే సాక్ష్యాన్ని దాచింది. ప్రమాదం తర్వాత ఆ వలయాలను తీసేయించారు.

2014లో స్కాట్లాండ్‌లో జరిగిన మరణ విచారణలో నిర్వాహక సంస్థ తన పొరపాట్లను ఒప్పుకుంది. మాన్యువల్ ప్రకారం పని చేయకపోవడం తప్పేనని విచారణ జరిపిన న్యాయమూర్తి (షెరిఫ్) డెరెక్ పైల్ అన్నారు. అదే ప్రమాదానికి కారణమని మాత్రం రుజువు కాలేదన్నారు. అంతకుముందే ప్రాసిక్యూషన్ విభాగం కేసు పెట్టకూడదని నిర్ణయించింది. అలా వ్యవహారం ఒక హ్యాంగర్‌లోని ఒక రోజు పని దగ్గర ఆగింది. గేరు ఎందుకు పగిలిందన్నది తేలకుండానే, ఎలా ముందుగా పసిగట్టాలన్న దాని మీద ఆదేశాలు వచ్చాయి. డిటెక్టర్లను మరింత తరచుగా చూడాలి, పలుకు కనిపిస్తే మరింత కఠినంగా స్పందించాలి. అన్నీ అవసరమైనవే. కాకపోతే అన్నింటికీ ఒకటే ఆధారం: గేరు పగిలే ముందు పెచ్చులు రాలుస్తుందన్న నమ్మకం.

ఆ నమ్మకం 2016 ఏప్రిల్ 29న పోయింది. నార్వేలోని టూరోయ్ దీవి దగ్గర సూపర్ ప్యూమా కుటుంబంలోని కొత్త రకం ఈసీ225 రోటర్ ఊడి కూలింది. 13 మంది చనిపోయారు. మళ్లీ రెండో దశ ప్లానెట్ గేరే. ఈసారి దొరికిన పలుకూ లేదు, అపార్థమూ లేదు. బేరింగ్ ఉపరితలం మీద ఒక సూక్ష్మమైన గుంట దగ్గర మొదలైన పగులు లోహం లోపలి నుంచి పాకింది, పెచ్చులు దాదాపు రాల్చలేదు. నిర్వాహక సంస్థ చేసిన పనిలో ప్రమాదానికి దారితీసిన తప్పేదీ లేదని నార్వే దర్యాప్తు సంస్థ 2018 జులై నివేదికలో చెప్పింది. ఆ గేర్‌బాక్స్ 2015లో ఆస్ట్రేలియాలో తరలిస్తుండగా రోడ్డు ప్రమాదానికి గురై మరమ్మతుకు వెళ్లొచ్చింది. దానికీ ఈ పగులుకూ సంబంధం ఉందనడానికి భౌతిక ఆధారం దొరకలేదు. 2009 తర్వాత తీసుకున్న చర్యలు రెండో ప్రమాదాన్ని ఆపడానికి సరిపోలేదని నివేదిక తేల్చింది.

అదే నివేదికలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక సంగతి ఉంది. ఈ ప్లానెట్ గేర్లలో పూర్తి ఆయుష్షు దాకా పనిచేసినవి నూటికి పది మాత్రమే. మిగతావి ఓవర్‌హాల్ తనిఖీల్లో తిరస్కరించినవో, గేర్‌బాక్స్‌ను మధ్యలోనే దించినప్పుడు తీసేసినవో. అలా తిరస్కరించిన గేర్లను తయారీదారు క్రమం తప్పకుండా పరీక్షించలేదు. తనిఖీ తన పని తాను చేసింది, చెడ్డ భాగాన్ని పట్టుకుంది. అది ఎందుకు చెడిందని మాత్రం ఎవరూ అడగలేదు. వందల హ్యాంగర్లలో మెకానిక్‌లు సేకరించిన సాక్ష్యం తుక్కులో కలిసింది.

తయారీదారుల వాదనను కొట్టిపారేయలేం. తనిఖీలు పెంచుకుంటూ పోతే గేర్‌బాక్స్‌ను పదేపదే విప్పాలి, విప్పిన ప్రతిసారీ బిగింపులో పొరపాటు జరిగే అవకాశం పెరుగుతుంది. ఇది హ్యాంగర్ ఎరిగిన ఎవరైనా ఒప్పుకునే నిజం. ప్రతి చిన్న లోపానికీ ప్రపంచంలోని హెలికాప్టర్లన్నింటినీ నేల మీద నిలబెడితే సముద్రంలో రోగిని తీసుకురావడానికి కూడా ఏదీ మిగలదు. గడువులు ఇవ్వడం అందుకే. ఆ గడువును ఏ ఆధారంతో లెక్కిస్తారన్నది మాత్రం ఈ వాదన చెప్పదు. ఆస్ట్రేలియాలో విరిగిన స్టడ్‌లు చేతిలో ఉండగా ఒక సంవత్సరం ఎలా వచ్చింది?

హెచ్చరిక సరిగ్గా అందితే ఏం జరుగుతుందో 2012లో చూశాం. మే నెలలో ఒకటి, అక్టోబరులో ఒకటి, రెండు ఈసీ225లు నార్త్ సీలో దిగిపోయాయి. రెండింట్లోనూ నూనె పంపులను తిప్పే షాఫ్ట్ పగిలింది. అత్యవసర శీతలీకరణ పనిచేస్తున్నా, పనిచేయడం లేదన్న తప్పుడు దీపం వెలిగింది. పైలట్లు దీపాన్ని నమ్మి నీటి మీద దించారు. మొత్తం 33 మందీ బతికారు. షాఫ్ట్ డిజైన్ మార్చేదాకా ఆ రకాన్ని నార్త్ సీలో ప్రయాణికులతో ఎగరనివ్వలేదు. అక్కడ లోపం తనిఖీ చేసే విధానంలో లేదు, లోహంలో ఉంది. దిద్దింది కూడా లోహాన్నే.

టూరోయ్ తర్వాతా చివరికి అదే జరిగింది. 2016 జూన్‌లో యూరప్ నియంత్రణ సంస్థ ఈఏఎస్ఏ ఆ రకాలను నిలిపేసింది. అక్టోబరులో షరతులతో విడిచింది: రెండు రకాల ప్లానెట్ గేర్లలో ఎక్కువ ఒత్తిడికి గురయ్యే రకం వాడకూడదు, రెండోదాని ఆయుష్షు తగ్గించాలి, లోహపు రజను కోసం తనిఖీలు పెంచాలి. బ్రిటన్, నార్వే మాత్రం 2017 జులై దాకా ఒప్పుకోలేదు. ఆ తర్వాత కూడా చాలామంది రిగ్గు కార్మికులు ఆ హెలికాప్టర్ ఎక్కడానికి ఇష్టపడలేదు. ప్రాణం వాళ్లది, ఆ మాటను భయమని తీసేయడం అన్యాయం.

ఇప్పుడు లెస్టర్ నివేదికలోని సిఫార్సులు చదివితే ఈ కథ ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. ఏఏఐబీ ఈఏఎస్ఏకు ఎనిమిది సిఫార్సులు చేసింది. పెద్ద హెలికాప్టర్ల బేరింగుల ధ్రువీకరణలో అసలు భారాలను ఎలా లెక్కగట్టాలి, ఆయుష్షు ఎలా నిర్ణయించాలి అన్నవి వాటిలో ఉన్నాయి. వాడి తీసేసిన కీలక భాగాలను విప్పి పరీక్షించాలన్నదీ ఉంది. తయారీదారులు లోపమున్న భాగాలను ఎలా పరిశీలిస్తున్నారో చూడమని ఇదే ఏఏఐబీ 2011లో అబర్డీన్ ప్రమాద నివేదికలో ఇదే ఈఏఎస్ఏను కోరింది. 2018లో నార్వే కోరింది. 2023లో మూడోసారి కోరాల్సి వచ్చింది.