తాంబూలాలు మార్చుకున్నాక పెళ్లి తప్పిపోతే: అపోహలు, వాస్తవాలు

అపోహ: నిశ్చితార్థం అయ్యాక వెనక్కి తగ్గితే కోర్టు పెళ్లి చేయిస్తుంది.

చేయించదు. ఇష్టం లేనివాళ్లను పీటల మీద కూర్చోబెట్టే డిక్రీ (కోర్టు తీర్పు) లేదు. దక్కేది కాంట్రాక్ట్ చట్టం 73వ సెక్షన్ కింద నష్టపరిహారమే. ఇంగ్లండ్‌లో ఇలాంటి దావాలను 1970 చట్టంతో ఎత్తేశారు, మన దగ్గర ఇంకా వేయవచ్చు. మాట తప్పిన నాటి నుంచి 3 ఏళ్లు గడువు. కోర్టు ఫీజు అడిగే మొత్తాన్ని బట్టి ఉంటుంది కాబట్టి కోపంలో అరకోటి రాసేయకండి. ఫంక్షన్ హాల్ అడ్వాన్సు, వంటవాళ్లకు ఇచ్చింది, శుభలేఖల ఖర్చు రసీదులతో చూపిస్తే నిలబడుతుంది. పరువు నష్టానికి ఎంత అనేది జడ్జి విచక్షణ.

అపోహ: పెళ్లి చేసుకుంటానని మాట తప్పితే అదే నేరం.

ఎక్కువ కేసులు దెబ్బతినేది ఇక్కడే. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్ (2024 జులై 1 నుంచి అమలు, 10 ఏళ్ల వరకు జైలు, జరిమానా) వర్తించాలంటే రెండు ఉండాలి: శారీరక సంబంధం, మాట ఇచ్చిన రోజే నెరవేర్చే ఉద్దేశం లేకపోవడం. నిశ్చితార్థం చేసుకుని తప్పుకున్నంత మాత్రాన ఈ సెక్షన్ రాదు. మనసారా మాటిచ్చి, తర్వాత ఇంట్లోవాళ్లు కులం పేరుతో అడ్డుపడితే వెనక్కి తగ్గడం వేరు. అప్పటికే పెళ్లయిన సంగతి దాచి మాటివ్వడం వేరు. ఆ అబద్ధపు మాటకూ అమ్మాయి శారీరక సంబంధానికి ఒప్పుకోవడానికీ నేరుగా సంబంధం ఉండాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఫిర్యాదులో "మోసం చేశాడు" అని ఊరుకోకుండా ఏ తేదీన ఏమన్నాడు, అప్పటికి అతని పరిస్థితి ఏమిటి అన్నది రాయాలి. సంఘటన 2024 జులైకి ముందుదైతే పాత ఐపీసీయే వర్తిస్తుంది.

అపోహ: వాట్సాప్ స్క్రీన్‌షాట్లు ప్రింట్ తీసిస్తే చాలు.

భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. అందులో రెండు భాగాలు: ఒకటి మీరు నింపేది, రెండోది నిపుణుడు నింపేది. హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) కూడా రాయాలి. ఆ ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి. మెసేజులు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఇవాళే తీసేయండి.

అపోహ: పెళ్లే జరగలేదు కదా, కట్నం చట్టం ఎందుకొస్తుంది?

వస్తుంది. సంబంధం మాట్లాడేటప్పుడు అడిగినా నేరమేనని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో 1996లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అడిగినందుకు 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు. ఇవ్వడమూ నేరమే అయినా, బాధితులు చెప్పిన మాటను బట్టి వాళ్ల మీద ఆ చట్టం కింద కేసు పెట్టకూడదని 7వ సెక్షన్‌లో ఉంది. భయపడి దాచేవాళ్లకు ఇది తెలియదు.

అపోహ: పెద్దమనుషులు రాజీ కాగితం రాస్తే కేసు కొట్టేసినట్టే.

69వ సెక్షన్ రాజీకి వీలున్న నేరం కాదు. ఎఫ్‌ఐఆర్ కట్టాక ఆ కాగితంతో స్టేషన్‌లో పని జరగదు. కొట్టేయమని హైకోర్టులో పిటిషన్ వేయాల్సిందే, అక్కడా నేరం తీవ్రత చూశాకే ఒప్పుకుంటారు.